నెట్‌లో నా మొగుడి మాట

నెట్‌లో ఒకసారి పెట్టింది ఇంక పోదు అంటారు కదేటి, ఆ మాట నాను ఈ గుంటలందరికంటే ముందు విన్నాను. ఇప్పుడు మా హాస్టల్లో ఆడపిల్లలు ఒక ఫోటో పెట్టాలంటే ఇటు తిప్పీ అటు తిప్పీ చూసుకుంటారు, పెట్టీసినాక పోదు మామ్మా అంటారు. నాకు నవ్వొస్తాది. అన్నీ పోతాయి. నా గిన్నెలు పోనాయి, నా మొగుడు పోనాడు. నా మొగుడు నా గురించి అన్న మాట ఒకటి నెట్‌లో పెట్టినారు. అది ఏటో నాకు తెల్దు. అది తెలుసుకోడానికి నాను తిరిగిన తిరుగుడే ఇది.

నాకు చదువు రాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, గ్యాసు బండ వచ్చినప్పుడు సంతకం గీస్తాను, అంతవరకే. నాను చెప్తంటే రాస్తన్నది మద్దిలపాలెంలో ఈ హాస్టల్లోనే మేడ మీద గదిలో ఉన్న అమ్మాయి. గోదావరి జిల్లా పిల్ల, రుషికొండలో కంప్యూటర్ల ఆఫీసులో పని. నాను కింద వంటింట్లో బెండకాయలు తరుగుతూ చెప్తాను, అది స్టూలు మీద కూకుని ఫోనులో కొడతాది. మధ్యలో ఆపి, "మామ్మగారూ, ఇది ఇలాగే రాసేయనా?" అని అడుగుతాది. ఇలాగే రాయి అంటాను.

నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో మేం సీతమ్మధారలో ఒక మేడ వెనక రేకుల ఇంట్లో ఉండీవోళ్ళం. నా మొగుడు పోర్టులో కలాసీ. ఓడలోకి పోసిన ఇనప మట్టి ఒక పక్కకి ఒరిగిపోకుండా, ఓడ లోపలి గొయ్యిలోకి దిగి పారలతో సర్దాల. అదీ పని. నాను ఆ వీధిలో ఇళ్ళకి వంట చేసీదాన్ని. ఒక రోజు మేడ పైభాగంలో ఒక కళ్ళజోడు బాబు అద్దెకి దిగినాడు. సంసారం నేదు, మంచం నేదు, పొయ్యి నేదు. పాత టీవీల్లాంటి కంప్యూటర్లు దుప్పట్లు కప్పుకుని ఆటోల్లో వచ్చినాయి, ఎనకాల నలుగురైదుగురు కుర్రోళ్ళు వచ్చినారు.

"ఏటి బాబూ, టీవీల కొట్టు పెడతన్నారా?" అని అడిగినాను.

"కాదమ్మా, పేపరు పెడుతున్నాం. కాయితం లేని పేపరు" అన్నాడు.

"కాయితం నేని పేపరు దేనికి బాబూ? అలమార్లో పరుచుకోడానికి కూడా పనికిరాదు."

ఆ మాటకి కుర్రోళ్ళందరూ పడీ పడీ నవ్వినారు. అప్పుడే నన్ను మధ్యాన్నం వంటకి పెట్టుకున్నారు.

ఆ ఆఫీసులో ఫోను తీగ నించి ఒక కూత వచ్చీది. గుమ్మం సందులో పిల్లి తోక నలిగినట్టుండీది. ఆ కూత ఆగితే నెట్ వచ్చినట్టు, అందరూ చప్పట్లు కొట్టీవోరు. ఎవరైనా ఆ నెంబరుకి ఫోను చేస్తే నెట్ తెగిపోయీది, ఫోను చేసినోడి అమ్మనీ అక్కనీ తిట్టీవోరు. ఒకపాలి నాను ఫోను ఎత్తీసినాను, మోగతంది కదాని. ఆ రోజు నా మీద అరిచిన అరుపు మేడ కింది భాగంలో ఆస్పత్రి నడిపీ డాక్టరమ్మకి కూడా వినబడినాది.

అన్నాల కాడ ఆళ్ళు మాటాడుకున్నది ఒకటే. ఏ ఊళ్ళో ఎవడు కంపెనీ పెట్టినాడు, ఎవడు ఎవడ్ని కొనీసినాడు, కారు షెడ్డులో తొంగున్నోడు పొద్దున్న లేచీసరికి ఎంతోడైపోనాడు. ఇంగ్లీషు పేపరు పళ్ళెం పక్కన పెట్టుకుని చదివీవోరు. పప్పు చల్లారిపోయీది. "తినండి బాబూ, ఆడు ఎంతోడైనా మీ పప్పు మీరే తినాల" అనీదాన్ని. ఒక రోజు ఈళ్ళ ఫోటోనే పేపర్లో పడినాది. కళ్ళజోడు బాబు కుర్చీలో ఎనక్కి వాలి, బల్ల మీద కాళ్ళెట్టుకుని. ఓ మూల నా చారు గిన్నె కూడా పడినాది. అది నా మొగుడు కత్తిరించి గోడకి అంటించినాడు, బాబు కాళ్ళు తీసీసి, గిన్నె ఉన్న ముక్క ఒకటే.

ఆ బాబుకి ఇంకో గర్వం ఉండీది. ఆళ్ళ తెలుగు అక్షరాలు ఆళ్ళే చేసుకున్నారట. "ఇది మన సొంత అక్షరం అమ్మా, ఇంకెవరి దగ్గరా లేదు" అని తెర మీద చూపించీవోడు, కొత్త కోడలి నగలు చూపించినట్టు. ఆ రోజుల్లో నెట్‌లో తెలుగు పెట్టినోళ్ళందరూ అదే యవ్వారం అట. ఎవడి తాళంకప్ప ఆడిది, తాళంచెవి ఆడి మొలతాడుకే. ఆ అక్షరం నీ కంప్యూటర్లోకి ఎక్కించుకోకపోతే తెలుగు కనబడదు, వంకర గీతలు కనబడతాయి. పది ఊళ్ళోళ్ళు కలిసి తవ్వుకోవాల్సిన నుయ్యి ఎవడి పెరట్లో ఆడు తవ్వుకుని, పైన మూత ఏసుకున్నట్టు. అప్పుడు అది గొప్ప. నాకూ గొప్పగానే ఉండీది.

పని నించి వచ్చినాక నా మొగుడు పెద్ద గిన్నెలు దింపడానికి మేడ మీదికి వచ్చీవోడు. వచ్చినోడు గిన్నె పట్టుకుని పోడు, మెట్టు మీద కూలబడి కబుర్లు ఎత్తుకునీవోడు. ఆయనకి నోరు ఎక్కువ. కుర్రోళ్ళు కంప్యూటర్లు ఒగ్గీసి చుట్టూ చేరీవోరు. ఇది చూసి కళ్ళజోడు బాబు ఒక టేపురికార్డు తెచ్చినాడు. "మావయ్యా, నువ్వు వారానికోసారి ఇలా చెప్పు, మేం రాసి పెడతాం, విదేశాల్లో మనవాళ్ళు చదువుకుంటారు" అన్నాడు. నా మొగుడు నాకేసి చూసి మీసం తిప్పినాడు. రచయిత అయిపోనాడు మరి.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి నాను నా చెవులతో విన్నాను. వంటింట్లో గంజి వారుస్తన్నాను.

"బాబూ, ఆ గోతిలోకి దిగినామంటే కాసేపటికి అందరం ఎర్రగైపోతాం. ముక్కూ మొకం తెల్దు. కన్నతల్లొచ్చి సూసినా ఆడెవుడో ఈడెవుడో పోల్సుకోనేదు, మేస్త్రీకి ఏటి తెలుస్తాది? అందుకని మాకో ఏర్పాటుంది. ఒకడు ఓ మూల తొంగుంటాడు. పైనించి మేస్త్రీ పేర్లు పిలిసినపుడు ఆడి జతగాడు ఇటు నించి ఓపాలి, అటు జరిగి ఓపాలి 'ఓ' అంటాడు. రేపు ఈడు తొంగుంటాడు, ఆడు పలుకుతాడు."

కుర్రోళ్ళు నవ్వినారు.

"నవ్వకండి. ఓ రోజు నా జతగాడి తరపున నాను పలికినాను. ఆడు తొంగున్నాడనుకున్నాను. ఆడు తొంగోనేదు. మట్టి జారి ఆడి మీద పడిపోనాది. పేర్లు పిలిసిన పెతీపాలీ ఆడి పేరుకి నాను 'ఓ' అన్నాను. 'ఓ' అన్నోడ్ని ఎవుడు ఎతుకుతాడు బాబూ?"

టేపు తిరుగుతన్న చప్పుడొకటే. గంజి నా చేతి మీద పడినా నాకు తెలీనేదు. అన్నాళ్ళ కాపరంలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పనేదు ఆయన. ఆ జతగాడు చచ్చిపోనాడని తెలుసు, ఆడి పెళ్ళాన్ని పట్టుకుని నానూ ఏడ్చినాను. ఈయన పలికినాడని తెల్దు. పెళ్ళాంకి చెప్పుకోలేనిది ఆ మిషనుకి చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆయన కాళ్ళ సంగతి చెప్పాల. పని నించి వచ్చినోడ్ని నాను గుమ్మం ఎక్కనిచ్చీదాన్ని కాదు. ఎర్రమట్టీ, పోర్టులో గ్రీజూ కలిసి మడమల పగుళ్ళలో పట్టీసీది. సబ్బుకి లొంగదు. కుళాయి కాడ రాయి మీద కూకోబెట్టి, కిరసనాయిలు గుడ్డతో రుద్ది, కొబ్బరి పీచుతో తోమీదాన్ని. తోముతూ తిట్టీదాన్ని. ఆయన్ని, ఆయన మేస్త్రీని, ఆ మట్టి కొన్నోడ్ని, అమ్మినోడ్ని. వీధిలో ఆడోళ్ళు నవ్వీవోరు, ఓలమ్మో, మొగుడ్ని తోముతందా తప్పేలా గిన్నె తోముతందా అని. మా ఇద్దరికీ కూకుని మాటాడుకున్న తావు అదొక్కటే.

అలగ తోముతన్నపుడే ఒక రోజు అన్నాడు.

"ఒలే, ఇయ్యాల నీ గురించి సెప్పినాను ఆ మిషన్లో."

ఆ మధ్యాన్నం నాను బజారుకి పోయి ఉన్నాను. నాను అక్కడ నేని సమయం చూసి చెప్పినాడు.

"నా గురించి సెప్పడానికి ఏటుంది?"

"సాలా ఉంది."

"ఏటి సెప్పినావు మావా?"

"నెట్‌లో ఉంటాది. పోయి సదువుకో."

నాకు చదువు రాదని తెలిసే అన్నాడు. పీచు మడమ మీద గట్టిగా నొక్కినాను. "అబ్బ, మంచి మాటేనే" అన్నాడు. కొంచెం ఆగి, "మంచిదో కాదో నువ్వు సదివి నాకు సెప్పు" అని మళ్ళీ నవ్వినాడు.

మర్నాడు బాబుని అడిగినాను, ఏటి చెప్పినాడు బాబూ నా గురించి అని. "చాలా బాగా చెప్పాడమ్మా, ఎక్కించేశాం కూడా" అన్నాడు. చదివి వినిపించమన్నాను. ఇదిగో అన్నాడు, ఫోను మోగినాది, లైను తెగిపోనాది, ఆళ్ళ తిట్లు ఆళ్ళవి. ఇంకో రోజు అడిగితే, "తొందరేంటమ్మా? నెట్‌లో ఒకసారి పెడితే ఇంక పోదు. మీరు పోతారు, నేను పోతాను, అది ఉంటుంది" అన్నాడు. నాను నమ్మినాను. పోనిది కదాని ఊరుకున్నాను.

అయినా ఉండబట్టక, కుర్రోళ్ళలో ఒకడి చేత చీటీ మీద అడ్రసు రాయించుకుని మద్దిలపాలెం బస్సుల డిపో పక్కన ఇంటర్నెట్ సెంటర్‌కి పోయినాను. ప్లైవుడ్ చెక్కలతో గూళ్ళు కట్టి ఉన్నాయి, కోళ్ళ గంపల్లాగ. ఆ సెంటరోడు చీటీ చూసి కొట్టినాడు. తెర నిండా వంకర కొమ్ములూ, చుక్కలూ, బాణం ముళ్ళూ.

"ఏ భాష అమ్మా ఇది?" అని నన్నే అడిగినాడు.

"తెలుగు బాబూ."

"ఇది తెలుగైతే నేను జపానోడ్ని. వాళ్ళ అక్షరాలేవో ఎక్కించుకోవాలంట, ఈ లైను మీద పొద్దుగూకినా ఎక్కవు. రేపు రండి."

ఆ ముళ్ళలో నాను ఎక్కడున్నానో అని కాసేపు చూసినాను. తరవాత గూటి బయట ఇంకొకడు తొందరపెడితే లేచి వచ్చీసినాను.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న నాను కూరల సంచితో మెట్లెక్కీసరికి తలుపుకి తాళం. బాబు తాళం కాదు, ఇంటోళ్ళ తాళం. కుర్రోళ్ళు నేరు, బాబు నేడు. తరవాత ఇంటోళ్ళు కంప్యూటర్లు దింపించుకుని పోనారు. నా పెద్ద గంజి గిన్నె, రెండు తప్పేలాలు, చారు గిన్నె లోపలే ఉండిపోనాయి. అడిగితే, ఏవి ఎవరివో మాకేం తెలుసు అన్నారు. అప్పుడు పేపర్లో రాసినారట, ఈ కంపెనీలన్నీ నీటి బుడగలు, పేలిపోనాయి అని. ఆళ్ళవి బుడగలే గావాల. నా గిన్నెలు సత్తువి.

నా మొగుడు మాత్రం నవ్వినాడు. "నీ గిన్నెలతో పాటు నీ కథ కూడా తాళంలో పడిపోనాదే" అన్నాడు.

"ఇప్పుడైనా సెప్పు మావా."

"ఆళ్ళు మళ్ళీ తెరుస్తారు. అప్పుడు సదువుకుందువు."

ఇలగే ఏడిపించీవోడు. అది మా ఇద్దరికీ ఒక ఆటైపోనాది. కూరలో ఉప్పెక్కువైతే, "ఇది కూడా సెప్పీసినాను నెట్‌లో" అనీవోడు. నాను అలిగితే, "ఇది సెప్పడం మర్సిపోయినాను, బేగి ఎల్లి రాయించాల" అనీవోడు.

తరవాత దగ్గు పట్టుకున్నాది. పని మానీసినాడు, మంచం పట్టినాడు, పోనాడు. చివర్లో అడగొచ్చు కదా మామ్మగారూ అంటాది ఈ అమ్మాయి. ఊపిరి అందనోడి పక్కన కూకుని, నా గురించి ఏటన్నావు అని ఎలగ అడుగుతాను? అడగనేదు. నీళ్ళు కావాలా అని అడిగినాను. అంతే.

ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఆ జతగాడి సంగతి చెప్పుకున్నోడు, నా సంగతి ఏటి చెప్పుకున్నాడు? నామీద కోపముండీదా? నాను తిట్టిన తిట్లు కడుపులో పెట్టుకున్నాడా? నేకపోతే మంచే అన్నాడా? మంచైతే ఒకసారి నా మొకాన చెప్పడానికి ఏటి రోగం?

ఈ హాస్టల్లో వంటకి చేరినాక ఒక ఆదివారం ఈ అమ్మాయి నెట్‌లో పెట్టీసిన ఫోటో ఏదో తీసీడానికి ఫోనుతో కుస్తీ పడతంది. ఒకసారి పెడితే పోదు మామ్మగారూ అన్నాది. నాకు ఒళ్ళు మండినాది. ఇందాకటి సంగతంతా చెప్పినాను. ఆ ఆఫీసు పేరు నాకు గుర్తే, రోజూ ఆ బోర్డు కిందే చెప్పులిప్పీదాన్ని. ఆ పేరు కొట్టి చూసింది. డబ్బు పెట్టి పేకాడుకునీ ఆట వచ్చినాది. ఆ అడ్రసు ఎవరో పట్టుకుపోనారట.

"ఆగండి మామ్మగారూ. పాత పేజీలు దాచిపెట్టే చోటు ఒకటుంది" అన్నాది. పాత చీరలు మూట కట్టి అటక మీద పడేసినట్టు, పోయిన పేజీలన్నీ ఎవరో దాస్తారట. చాలాసేపు ఎతికి, ఫోను నా మొకం ముందు పెట్టినాది.

వంకర కొమ్ములూ, చుక్కలూ, బాణం ముళ్ళూ.

"ఇవేనా?"

"ఇవే తల్లీ" అన్నాను. డిపో పక్కన గూట్లో చూసినవే. ఒక్క ముల్లు కూడా మారనేదు.

అప్పుడు ఈ అమ్మాయి చెప్పినాది. ఇప్పుడు అందరి తెలుగూ ఒకటేనట, ఏ ఫోనులోనైనా కనబడతాదట. అప్పటి సొంత అక్షరం ఎవరు చేసుకున్నారో ఆళ్ళ దగ్గరుంటేనే ఈ ముళ్ళు విప్పగలరట. మరి ఆ బాబు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు అన్నాను. బాబు పేరు చెప్పగానే ఈ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసినాది. ఆయన పెద్దోడైపోనాడు. రుషికొండలో ఆళ్ళ ఆఫీసు ఆవరణలోనే, కొత్తగా కంపెనీలు పెట్టీ కుర్రోళ్ళకి బుద్ధులు చెప్పడానికి వస్తన్నాడట.

నన్ను తీసుకెళ్ళినాది. ఉతికిన చీర కట్టుకుని ఎనక వరసలో కూకున్నాను. అద్దాల్లోంచి సముద్రం కనబడతంది, ఎవరూ అటు చూడ్డం నేదు. బాబుకి జుట్టు తెల్లబడినాది, కళ్ళజోడు పల్చనైపోనాది. "నా మొదటి కంపెనీ ఈ ఊళ్ళోనే మూతపడింది. సిగ్గుపడలేదు. ఓడిపోవడం కూడా ఒక పెట్టుబడే" అన్నాడు. చప్పట్లు కొట్టినారు. "అప్పుడు మాకు రాసిపెట్టింది ఎవరో తెలుసా? పోర్టులో ఒక కలాసీ" అన్నాడు. నవ్వినారు. ఎందుకు నవ్వినారో నాకు తెలీనేదు.

అయిపోనాక ఈ అమ్మాయి నన్ను ముందుకి తోసినాది. బాబు చటుక్కున పోల్చుకున్నాడు. అది ఒప్పుకోవాల.

"అమ్మా, మీ చారు. అలాంటి చారు మళ్ళీ తాగలేదు. మావయ్య ఎలా ఉన్నాడు?"

"పోనాడు బాబూ."

"అయ్యో. ఎంత మంచి మనిషి."

"చారు గిన్నె కూడా ఆ మేడ మీదే ఉండిపోనాది బాబూ."

నాను ఏదో సరదాకి అన్నాననుకుని నవ్వినాడు. ఈ అమ్మాయి అక్షరాల సంగతి అడిగినాది. బాబు మొకం వెలిగిపోనాది. "ఉంది. నా దగ్గర అన్నీ ఉన్నాయి. మా బోర్డు బొమ్మ, మొదటి రోజు ఫోటో, మా అక్షరాల ఫాంటు. నావి ఏవీ పారేయను" అన్నాడు. అక్కడే నిలబడి తన ఫోనులోంచి ఈ అమ్మాయి ఫోనుకి పంపించీసినాడు. తన నెంబరు కూడా ఇచ్చినాడు. ఆయనవి ఏవీ పోనేదు. అది నాను చూసినాను.

ఇక్కడే, ఈ వంటింట్లోనే విప్పినాది ఆ పేజీ. ఆళ్ళ ఆఫీసు కంప్యూటరు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాది. ఏదో నొక్కినాది, ముళ్ళన్నీ ఒక్కసారి తెలుగైపోనాయి. చదువు రాకపోయినా తెలుగు అని నాకు తెలుస్తాది, గుండ్రంగా ఉంటాది కదా. నా చేతులకి పసుపూ కారం అంటుకుని ఉన్నాయి, చీరకి తుడిచీసుకున్నాను.

"ముందు ఓడ గొయ్యి సంగతి చదవనా? మీది తరవాత పేజీలో ఉంది."

"చదువు."

చదివినాది. "'సిందూరం వంటి ఎర్రని ధూళిలో మేమందరం ఒక్కటైపోతాం. అక్కడ కులం లేదు, మతం లేదు. ఒకరి పేరు పిలిస్తే మరొకరు పలుకుతారు. ఇదే మా శ్రామికుల ఐక్యత. సముద్రం మా తల్లి, ఓడ మా ఊయల.'"

"ఆ. తరవాత?"

"అంతే మామ్మగారూ."

"మట్టి జారనేదా?"

"లేదు."

"ఆయన జతగాడు?"

"జతగాడు లేడు మామ్మగారూ. ఇందులో ఎవరూ చనిపోలేదు."

నాను పొయ్యి కట్టీసినాను. సముద్రం మా తల్లి అని నా మొగుడు కల్లో కూడా అననేదు. గోతిలో ఉన్నోడికి సముద్రం ఎక్కడ కనబడతాది? పేరుకి పలికినోడు కుమిలిపోయి చెప్పుకుంటే, దాన్ని ఐక్యత చేసినారు. నాను విన్నాను కాబట్టి నాకు తెలిసినాది. విననోళ్ళు అదే నా మొగుడనుకుని ఉంటారు. సిందూరం, ఊయల అని మాటాడీ ఎవడో పంతులు.

"మీది చదవనా?" అన్నాది. దాని గొంతు మారిపోనాది. ముందే కళ్ళతో చదువుకున్నాది గావాల.

"చదువు. అంత దూరం పోయినాం కదా."

"'నా అర్ధాంగి సాక్షాత్తూ అన్నపూర్ణ. ప్రతి ఉదయం నా పాదాలకు పసుపు రాసి, కళ్ళకద్దుకుని నన్ను పనికి సాగనంపుతుంది. ఆమె పెదవి దాటి ఒక్క పరుషమైన మాట రాదు. ఆ చల్లని తల్లి చేతి స్పర్శతోనే నా అలసట తీరుతుంది.'"

నాకు నవ్వొచ్చినాది, మంచి నవ్వు కాదు. మగోడి కాళ్ళకి పసుపు ఎవరు రాస్తారమ్మా, పెళ్ళినాడు తప్ప? నా నోట్లోంచి పరుషం రాదట. వీధి వీధికీ తెలుసు నా నోరు.

ఈ అమ్మాయి ఊరుకోనేదు. అప్పుటికప్పుడే బాబుకి ఫోను కలిపి, గట్టిగా వినబడీటట్టు పెట్టినాది.

"బాబూ, ఇది ఆయన మాట కాదు" అన్నాను.

"అమ్మా, ఆయన చెప్పింది చెప్పినట్టు పెడితే చదివేవాళ్ళకి అర్థమయ్యేది కాదు. నేనే కొంచెం సరిచేసేవాణ్ణి. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు కదా, వాళ్ళు మనసుకి హాయిగా ఉన్నవి అడిగేవారు. బాధపెట్టేవి తీసేసేవాళ్ళం."

"ఆయన గొంతు పట్టినారు కదా. ఆ కేసెట్టు ఉందేటి?"

"ఒక్కటే కేసెట్టమ్మా. ప్రతి వారం దానిమీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసేవాళ్ళం. అప్పటి పరిస్థితి అది."

"పోనీ నా గురించి ఏటన్నాడో గుర్తుందా బాబూ? ఒక్క ముక్క."

అటుపక్క ఎవరో ఆయన్ని పిలుస్తన్నారు.

"మాట గుర్తులేదమ్మా. అందరం బాగా నవ్వుకున్నాం, అది గుర్తుంది."

అంతే దొరికినాది నాకు. నవ్వుకున్నారట.

ఆయన ఏటని ఉంటాడో నాను అప్పుటి నించీ కూడబలుక్కుంటన్నాను. అన్నపూర్ణా గిన్నపూర్ణా ఆ బాబు పెట్టినవి. కాళ్ళు మాత్రం బాబు సొంతంగా కల్పించలేడు. ఏ కలాసీ పెళ్ళాం మొగుడి కాళ్ళు పట్టుకుంటాదో ఆ బాబుకి ఏటి తెలుసు? కాళ్ళ సంగతి నా మొగుడే ఎత్తినాడు. మా ఆడది నన్ను మసి పట్టిన గిన్నె తోమినట్టు తోముతాది బాబూ అన్నాడేమో. తోమినంతసేపూ తిడతాది, ఆ తిట్లు వినకపోతే నాకు పని దిగినట్టుండదు అన్నాడేమో. నేకపోతే, దీని చేతిలో పడి నా మడమలు అరిగిపోనాయి అని నా మీద చాడీ చెప్పినాడేమో. అందులో ఏది అన్నా నాకు సరే. తిట్టినా సరే. అది నా మీద పడ్డ మాట. ఇదిగో ఈ చల్లని తల్లి ఎవరో నాకు తెల్దు. నా మొగుడికీ తెల్దు.

అటక మీద మూటలో ఆవిడే ఉంటాది, నాను పోయినాక కూడా. ఆ బాబు అన్నది ఆ మటుకు నిజం.

ఈ అమ్మాయి ఆ పేజీని కాయితం మీద తీయించి అద్దం కట్టిస్తానన్నాది. ఒద్దన్నాను. ఇదిగో, ఇప్పుడు కూడా కొట్టడం ఆపి నా మొకంకేసి చూస్తంది. "మామ్మగారూ, ఇంత చేదుగా వదిలేస్తారా? ఆఖరికి ఆయన గురించి ఒక మంచి మాట చెప్పండి" అంటంది.

రాయి. నా మొగుడి కాళ్ళకి నాను ఏనాడూ పసుపు రాయనేదు. కిరసనాయిలు రాసినాను.